ఉతకని చొక్కా

తలుపు మీద ఎర్రదీపం వెలిగింది, అంటే లోపల పని మొదలైందన్నమాట, ఈపాటికి అమ్మ వీపులో సూది దిగి ఉంటుంది, బల్ల మీద దిండు వేసి దాన్ని కౌగిలించుకుని ముందుకు వంగి కూర్చోమన్నారు, అసలే అమ్మకి వీపు మీద ఎవరు చెయ్యి వేసినా చక్కిలిగింత, ఇప్పుడు కిసుక్కున నవ్వితే ఎలా అని ఆమెకొక పిచ్చి ఆలోచన వచ్చింది, వచ్చి ఆ నవ్వు తన మొహంలో ఎక్కడ బయటపడుతుందోనని తల దించుకుని చెప్పులు చూసుకుంటూ కూర్చుంది. గంటలో అయిపోతుందన్నారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది, అది తీసేస్తే ఆయాసం తగ్గుతుంది, ఎందుకు చేరిందో పరీక్షలో తేలుతుంది. ఇంతవరకు డాక్టరమ్మ వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టు మామూలుగానే చెప్పింది. ఆ తర్వాత పెన్నుకి మూత పెట్టి కాస్త ఆగింది, ఆ ఆగడమే ఆమెకి నచ్చలేదు, మీ అమ్మగారు ఎప్పుడైనా ఆస్బెస్టాస్ ఉన్నచోట పనిచేశారా, ఫ్యాక్టరీలో గాని, పాత కట్టడాలు పడగొట్టే చోట గాని, బాగా గుర్తు చేసుకోండి, ముప్పై నలభై ఏళ్ళ కిందటిదైనా సరే, అని అడిగింది. గుర్తు చేసుకునేందుకేముంది, ఆమె వెంటనే లేదనేసింది. మా అమ్మ ఉద్యోగం చెయ్యలేదండీ, మేమున్న ఇంటికి రేకులు లేవు, గొట్టాలకి చుట్టిన పాత తొడుగులు లేవు, ఇవన్నీ కనిపెట్టడమే నా పని డాక్టరుగారూ, అని కొంచెం గొప్పగానే చెప్పింది కూడా.

గొప్ప కాదు మరి, నిజమే కదా. పాత ఇళ్ళు చూపించి అమ్మిపెట్టడమే ఆమె ఉద్యోగం. గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు పైకి చూస్తుంది, తర్వాత నీళ్ళు కాచే తొట్టి వైపు చూస్తుంది, ఆ తర్వాతే ఇంటివాళ్ళకి నమస్కారం పెడుతుంది. కొనడానికి వచ్చినవాళ్ళ ముందు నిలబడి చెప్పే పాఠం ఒకటుంది, నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా ఒప్పజెబుతుంది, ఈ రేకులు బాగానే ఉన్నాయండీ, వాటి జోలికి పోకపోతే వాటి మానాన అవి పడుంటాయి, మేకులు కొట్టకండి, డ్రిల్లు పెట్టకండి, గీకకండి, ఒకవేళ పగిలితే చీపురు ముట్టుకోకండి, ఫ్యాను ఆపెయ్యండి, తడిపి ఉంచి, తెలిసినవాళ్ళని పిలిపించండి. వినేవాళ్ళెవరు. వాళ్ళ కళ్ళు అప్పటికే వంటింటి కిటికీలోంచి వచ్చే ఎండ మీద ఉంటాయి, మంచం ఎటు వెయ్యాలా అని భార్యాభర్తలు గుసగుసలాడుకుంటూ ఉంటారు, ఒకాయన అయితే ఈవిడ ఇల్లు అమ్మడానికి వచ్చిందా చెడగొట్టడానికి వచ్చిందా అని ఆమె ఎదుటే అన్నాడు. అయినా చెబుతుంది. కంటికి కనిపించనంత సన్నటి నార అండీ, లోపలికి పోయిందంటే బయటికి రాదు, ఎన్నేళ్ళకైనా అక్కడే కూర్చుంటుంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె చెయ్యి దానంతటదే గుండెల మీదకి వెళ్తుంది, అలవాటు, అందులో భయమేమీ ఉండదు, ఎవరి గుండెలనో చూపిస్తున్నట్టుగానే ఉంటుంది.

చేతిలో ఫోను గుర్రుమంది. ఇంటి దగ్గర కూతుర్ని చూసుకుంటున్న భర్త ఫొటో పంపాడు. ముందుగదిలో పరుపు మీద బుజ్జిది బోర్లా పడుకుని ఉంది, పిర్ర పైకెత్తి, బుగ్గ దిండుకి నొక్కుకుపోయి, నోరు కొద్దిగా తెరిచి, మెడ దాకా తాతయ్య చొక్కా కప్పుకుని. అమ్మయ్య, పడుకుంది. అమ్మమ్మ ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి అది సరిగ్గా పడుకున్న పాపాన పోలేదు, ఒళ్ళో ఊపినా, పాట పాడినా, ఎత్తుకుని ఇల్లంతా తిరిగినా అమ్మమ్మే కావాలని ఒకటే రాగం. పొద్దున అమ్మే మంచం మీంచి ఆయాసపడుతూ చెప్పింది, నా బీరువాలో అడుగున, కవర్లో, మీ నాన్న చొక్కా ఉంటుంది చూడు, అది దాని మీద కప్పవే, నువ్వూ అట్లాగే పడుకునేదానివి. ఆమె ఇంటికి ఫోన్ చేసి ఆయనకి చెప్పింది. తాతయ్య చొక్కా కప్పితే పడుకుంటుందా, మీ ఇంట్లో అందరూ మంత్రగత్తెలే అని ఆయన నవ్వాడు, నవ్వి వెళ్ళి తీశాడు. ముదురు నీలం చొక్కా, దళసరి నూలుది, జేబు మీద సోల్డరింగ్ మచ్చ, కాలరు అరిగి లోపలి గుడ్డ కనబడుతూ. నాన్న పోయిన రోజున కొక్కేనికి వేలాడుతున్నది అదొక్కటే, మిగతావన్నీ ఉతికి ఉన్నాయి. అమ్మ దాన్ని ఉతకనివ్వలేదు. ఆమె ఎన్నిసార్లు పోట్లాడిందో, అమ్మా కంపు కొడుతోందే, ఒక్కసారి నీళ్ళలో ముంచి తీస్తానే అంటే, ఉతికితే ఇంకేం మిగుల్తుందే అందులో, గుడ్డ తప్ప, అనేది. పడుకోబోయే ముందు కవర్లోంచి తీసి దిండు మీద పరుచుకుని దాని మీద చెంప ఆనించుకునేది, లేవగానే మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టేసేది. ఇన్నేళ్ళూ అంతే. మొగుడు బతికుండగా ఆ చొక్కా వాసనకే ముక్కు మూసుకున్న మనిషి.

నాన్నది పాత సామాన్లు బాగుచేసే కొట్టు. కొత్తవి ముట్టుకునేవాడు కాదు, అవి బాగుచేయించుకునే వస్తువులు కావు, పారేసుకునే వస్తువులు అని వెక్కిరించేవాడు. బండరాయంత ఇస్త్రీపెట్టెలు, రెక్కల తలుపుల టోస్టర్లు, తాబేలు డిప్పలాంటి గది హీటర్లు, పిస్తోలులాంటి జుట్టు ఆరబెట్టే మిషన్లు, తాతల నాటివి ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆయన బల్ల మీద వెల్లకిలా పడుకునేవి. వాటికి డాక్టరు నాన్న. బడి నుంచి తిన్నగా కొట్టుకే వెళ్ళేది ఆమె. నాన్న ఒక ఇస్త్రీపెట్టెకి మరలు విప్పి, పైడిప్ప తీసి, వేడెక్కే తీగ కింద పరిచిన తెల్ల అట్టని గోటితో లేపేవాడు. అది ఏళ్ళ తరబడి కాగీ కాగీ అప్పడంలా పెళుసెక్కి ఉండేది, ముట్టుకుంటే పొడి. ఆ పొడిని ఉఫ్ మని ఊదేసి, కొత్త అట్టని కత్తెరతో ఆ కొలతకి కత్తిరించి, అంచులు గరుకుకాగితంతో రుద్ది, లోపల కూర్చోబెట్టేవాడు. చూస్తావా మ్యాజిక్కు అని ఒక ముక్క పట్టకారుతో దీపం మంట మీద పెట్టేవాడు. ఎంతసేపు పెట్టినా నల్లబడేది కాదు. దీన్ని ఏ నిప్పూ ఏమీ చెయ్యలేదే తల్లీ, మనం పోయినా ఇది ఉంటుంది, అనేవాడు, తనే దాన్ని కనిపెట్టినంత గర్వంగా. ఆ ముక్క ఆమె పెన్సిలు డబ్బాలో చాన్నాళ్ళు ఉంది. అట్ట మిగిలితే నాన్న వంటింట్లోకి కూడా తెచ్చేవాడు, వేడి గిన్నెలు దించుకోవడానికి. దానికి ఆయన ఏ పేరూ పెట్టలేదు, తెల్ల అట్ట, అంతే, ఆ అట్ట అందుకో అంటే అందుకునేది.

ఇల్లు చేరేసరికి నాన్న కనుబొమ్మలు తెల్లగా ఉండేవి. కనురెప్పల మీద, చెవుల పక్క జుట్టు మీద, ముంజేతుల మీద కూడా. ముసలాయన వచ్చాడోయ్ అని ఆమె కేక పెట్టి పరిగెత్తేది. నాన్న గుమ్మంలోనే గొంతుక్కూర్చుని, నడుం పట్టేసినట్టు మూలుగుతూ, వణుకుతున్న గొంతుతో, అమ్మా నన్ను మళ్ళీ కుర్రాణ్ణి చెయ్యవా తల్లీ అని కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు ఆమె బుగ్గలనిండా గాలి నింపి ఆయన కనుబొమ్మల మీద ఉఫ్ మని ఊదేది, ఒకదాని తర్వాత ఒకటి, ఆ తెల్లదంతా లేచి ఆమె మొహం మీదకే వచ్చేది, ఆమె తుమ్మేది, నాన్న కళ్ళు తెరిచి నల్లటి కనుబొమ్మలెగరేసి, హమ్మయ్య, ఇవాళ్టికి గండం గడిచింది అనేవాడు. అంతకన్నా మంచి ఆట ఆమె తర్వాత ఎప్పుడూ ఆడలేదు. పెళ్ళయి, బుజ్జిది పుట్టాక కూడా, సంతోషం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మొదట ఆ తెల్ల కనుబొమ్మలే కనిపిస్తాయి.

నడవాలో ఆ చివర ఎవడో నిచ్చెన వేసుకుని పైకప్పులో పలక ఒకటి తీసి దీపం సరిచేస్తున్నాడు. చాలాసేపటి నుంచే చేస్తున్నట్టున్నాడు, ఆమె ఇప్పుడే చూసింది. అలవాటు ప్రకారం ఆ పలక దేనితో చేసిందా అని కూడా చూసింది, కొత్తదే, జిప్సం, పరవాలేదు. అతను దిగాడు. నిచ్చెన గోడకి ఆనించి, భుజాల మీద, ఛాతీ మీద రాలిన తెల్లటి పొడి చూసుకుని, రెండు అరచేతులతో చొక్కాని టపటపా కొట్టుకున్నాడు. కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆ దుమ్ము ఒక్కసారి లేచి, మెరిసి, నింపాదిగా తిరుగుతూ కిందికి దిగసాగింది.

టపటపా. వెనక గుమ్మం మెట్టు మీద అమ్మ. నాన్న స్నానానికి వెళ్ళగానే ఆ నీలం చొక్కా తీసుకెళ్ళి స్తంభానికేసి టపటపా బాదేది, తర్వాత రెండు చేతులతో భుజాల దగ్గర పట్టుకుని గాల్లో ఫట్ మని విదిలించేది, మొహం పక్కకి తిప్పుకుని, కళ్ళు చికిలించుకుని, దగ్గుతూ. ఏమిటండీ ఇంత దుమ్ము, కొట్టు సగం ఇంటికే మోసుకొస్తున్నారు, అని స్నానాలగది వైపు అరిచేది. పొద్దు వాలే ఎండలో ఆ దుమ్ము బంగారంలా ఉండేది, ఆమె మెట్టు మీద కూర్చుని దాన్ని గుప్పిట్లో పట్టుకోవాలని చూసేది, దొరికేది కాదు. రోజూ. నాన్న కొట్టు తెరిచిన ప్రతిరోజూ. ఆ తర్వాత అమ్మ దాన్ని చేత్తోనే రుద్ది ఉతికేది, పనెక్కువై ఉతకడం కుదరని రోజున కొక్కేనికి తగిలించేది, ఆ రాత్రి ఆమె ఏడిస్తే అదే చొక్కా తీసి కప్పేది. తెల్ల అట్ట. ఏ నిప్పూ ఏమీ చెయ్యలేని తెల్ల అట్ట. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తెలియక మళ్ళీ కూర్చుంది. ఇన్ని ఇళ్ళు తిరిగింది, ఇన్ని కప్పులు తలెత్తి చూసింది, గోడల్లో వెతికింది, గొట్టాల చుట్టూ వెతికింది, ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పింది, కొక్కేనికి వేలాడిన చొక్కా వైపు మాత్రం ఒక్కసారి చూడలేదు. పాత హీటర్లలో, టోస్టర్లలో కూడా ఆస్బెస్టాస్ ఉంటుందని తనే చెబుతుంది, ఆ పాఠంలో చివరి వాక్యమది, పాత విద్యుత్ సామాన్లు కొన్నిటిలో కూడా ఉండొచ్చు, విప్పకండి, అని. నాన్న జీవితమంతా చేసింది ఆ విప్పడమే. ఎలా తట్టలేదు. నాన్న గుండె ఆగి కొట్లోనే కుర్చీలో పోయాడు, ఆయనకి దగ్గు లేదు, ఆయాసం లేదు, ఎవరూ ఏమీ అడగలేదు, అందుకే తట్టలేదా. లేక ఆ తెల్ల కనుబొమ్మలని అలాగే ఉంచుకోవాలని మనసే అటు పోనివ్వలేదా. నాన్న మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు, కళ్ళు మూసుకుని గొంతుక్కూర్చున్న మనిషి మీద కోపం ఎలా వస్తుంది. అమ్మ మీద జాలి మాత్రం తన్నుకొచ్చింది. మొగుడు పోయాక కూడా ఏళ్ళ తరబడి అందులోనే మొహం పెట్టుకుని ఊపిరి పీల్చింది పిచ్చిది, వాసన కోసం. తన సంగతీ తట్టింది, ఊదినవన్నీ ఎక్కడికి పోయాయో తట్టింది, తట్టినా దానికి ఇప్పుడు తీరిక లేదనిపించింది. ఎందుకంటే ఆ వెంటనే ఫోనులో ఫొటో గుర్తొచ్చింది. మెడ దాకా. నోరు కొద్దిగా తెరిచి.

తొందరలో ఒకసారి వేరే నంబరు నొక్కింది. రెండోసారి ఆయన ఎత్తాడు.

"చెప్పు, అత్తయ్యకెలా ఉంది?"

"బుజ్జిది పడుకునే ఉందా?"

"ఇప్పుడే లేచింది. ఏం నిద్ర పోయిందనుకున్నావు! మీ మంత్రం పనిచేసింది. కానీ ఆ చొక్కా ఏమిటి తల్లీ, సగం రోడ్డు దుమ్ము అందులోనే ఉంది. బాల్కనీలోకి తీసుకెళ్ళి నాలుగు దులుపులు దులిపాను. నా మొహమంతా పడింది, బుజ్జిది ఒకటే నవ్వు. ఇదిగో, విను, విను."

ఫోను బుజ్జిదాని దగ్గర పెట్టినట్టున్నాడు. ఉఫ్, అని వినిపించింది. మళ్ళీ ఉఫ్. బుగ్గలనిండా గాలి నింపుకుంటే వచ్చే చిన్న చప్పుడు, తర్వాత కిలకిలా నవ్వు, ఆ నవ్వు మధ్యలో చిన్న తుమ్ము. దానికి ఆ ఆట ఎవరూ నేర్పలేదు. ఆమె గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. కేక పెడితే ఆయన కంగారుపడి ఇంకా దులుపుతాడు. అందుకని కొనేవాళ్ళ ముందు నిలబడినప్పుడు వచ్చే గొంతు, ఏ వణుకూ లేని ఆ గొంతు, ఎక్కడి నుంచో తెచ్చుకుంది.

"నేను చెప్పేది జాగ్రత్తగా వినండి. అడక్కుండా చెయ్యండి. ఫ్యాను ఆపెయ్యండి. చొక్కా మళ్ళీ ఎత్తకండి, దాని మీద నెమ్మదిగా నీళ్ళు చల్లండి, బాగా తడవాలి. తడిసాక కవర్లో పెట్టి మూతి కట్టి, ఇంకో కవర్లో పెట్టి అదీ కట్టండి. ముందు బుజ్జిదాన్ని స్నానాలగదిలోకి తీసుకెళ్ళి తలస్నానం చేయించండి. మీరూ చెయ్యండి, ఇద్దరి బట్టలూ ఇంకో కవర్లో. చీపురు ముట్టుకోవద్దు. బాల్కనీ, పరుపు తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కూడా కట్టెయ్యండి. గాజుబీరువాలో నాన్న గుర్తుగా పెట్టిన పాత టోస్టరు ఉంది కదా, దాని జోలికి బుజ్జిదాన్ని పోనివ్వకండి."

"ఏమైంది? అసలేమైందే?"

"వచ్చాక చెబుతాను. ముందు దాన్ని ఎత్తుకెళ్ళండి."

ఆయన ఇంకేదో అడగబోయి ఆగాడు. ఆమె పాఠం ఆయన కూడా విన్నాడు, ఇంట్లో అద్దం ముందు నిలబడి బట్టీ పట్టిన రోజుల్లో ఆయనే ఒప్పజెప్పించుకున్నాడు. ఆయన ఊపిరి ఆగి మళ్ళీ మొదలవడం ఫోనులో వినిపించింది. బుజ్జీ, రా నాన్నా, నీళ్ళాట, అన్నాడు, ఆ గొంతు ఆయనది కానే కాదు.

ఎర్రదీపం ఆరింది. ముందు డాక్టరమ్మ వచ్చింది, నీరు బాగానే వచ్చిందండీ, పరీక్షకి పంపుతున్నాం, అంటూ. ఆమె అడ్డం పడి, ఇందాక లేదన్నాను, ఉంది, అంది. చొక్కా సంగతి చెప్పింది, స్తంభం, మెట్టు, దిండు, అన్నీ గజిబిజిగా, వెనకది ముందు ముందుది వెనక. కనుబొమ్మల ఆట మాత్రం చెప్పలేదు. డాక్టరమ్మ మధ్యలో ఆపలేదు. చివర్న ఆమె, ఇవాళ పాపకి అదే కప్పాం, మావారు దులిపారు, తడిపి కట్టెయ్యమన్నాను, అంది. ఒక్కసారి దులిపినదీ ఏళ్ళ తరబడి దులిపినదీ ఒకటి కాదండీ, మీరు చేయించింది సరైన పనే, పాపని తీసుకురండి, మాట్లాడదాం, మిమ్మల్ని కూడా ఒకసారి చూడాలి, అంది డాక్టరమ్మ. మరి మా అమ్మ, అని ఆమె అడిగింది. డాక్టరమ్మ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, పరీక్ష రానివ్వండి, మీరు చెప్పింది చాలా పనికొస్తుంది, అంది. ఎవరికి పనికొస్తుందో ఆమె అడగలేదు.

అమ్మని చక్రాల కుర్చీలో బయటికి తెచ్చారు. ఆయాసం తగ్గింది, ఎన్నాళ్ళకో మాట మధ్యలో ఆగకుండా మాట్లాడుతోంది, మొహం తేటపడింది, అది చూస్తే ఎవరికైనా సంతోషం కలగాలి. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని శాలువా సర్దింది.

"నవ్వావా లోపల?"

"నవ్వొచ్చింది గానీ సూది గుచ్చే ఆ కుర్ర డాక్టరు భయపడతాడని ఆపుకున్నా. బుజ్జిది పడుకుందా?"

"పడుకుందమ్మా. హాయిగా."

"చెప్పానా! నువ్వూ అంతే. అది లేకపోతే ఇల్లు ఎగరగొట్టేదానివి." అమ్మ ఆమె తల మీద చెయ్యి వేసి జుట్టు నిమిరింది, చిన్నప్పుడు దుమ్ము దులిపినట్టుగానే. "రేపొచ్చేటప్పుడు అది తీసుకురావే. ఇక్కడ దిండు మందుల కంపు, కన్ను మూతపడట్లేదు. ఇప్పుడు బాగా ఊపిరందుతోంది కదా, హాయిగా నిద్రపడుతుంది."

ఆమె అమ్మ చేతిని తల మీంచి తీసి తన రెండు చేతుల్లో పట్టుకుంది.

"నిన్నెరుగుదును, కవర్లోంచి తీశావంటే తీసుకెళ్ళి నీళ్ళలో ముంచేస్తావు. ఉతక్కు."

"లేదమ్మా," అంది ఆమె. "ఇంకెవరూ ఉతకరు."

అమ్మ ఆ మాటకి తృప్తిగా వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, గుండెలనిండా గాలి పీల్చుకుంది.